ఎన్నడూ చూడని డాక్టరు నుంచి బిల్లు: అమెరికాలో పాథాలజిస్టు అర్హతలు, మెడికేర్‌తో ఒప్పందం

అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడిన తల్లిదండ్రులకు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వచ్చిన కొత్తలో ఎదురయ్యే చిక్కుల్లో పాథాలజీ బిల్లు, అంటే శరీరం నుంచి తీసిన నమూనాను ల్యాబులో పరీక్షించినందుకు వచ్చే బిల్లు, ఒకటి. చర్మం మీద అనుమానంగా కనిపించిన మచ్చను తీసి పరీక్షకు పంపిన డాక్టరు తెలుసు, ఆ క్లినిక్కూ తెలుసు. కొన్ని వారాలకు ఎన్నడూ చూడని, పేరైనా వినని మరో డాక్టరు తరఫున విడిగా బిల్లు వస్తుంది. ఆ పేరును ఇంటర్నెట్‌లో వెతికితే ‘బోర్డ్ సర్టిఫైడ్’, ‘ఎన్‌పీఐ నంబరు’, ‘మెడికేర్ అసైన్‌మెంటును అంగీకరిస్తారు’ అనే మాటలు వరుసగా కనిపిస్తాయి. ప్రభుత్వమే ఈ డాక్టరును అన్ని విధాలా పరీక్షించి ముద్ర వేసిందని చదివినవారు అనుకోవడం సహజం. అయితే వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో సంస్థ ఇచ్చేది. దేనికదే ఒక పరిమితమైన ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతుంది. ఒకదాని సమాధానాన్ని మరొకదాని నుంచి రాబట్టబోయినప్పుడే అయోమయం మొదలవుతుంది.

రోగి తన గుండె డాక్టరునో, పళ్ల డాక్టరునో ఎంచుకుంటాడు కానీ పాథాలజిస్టును ఎంచుకోడు. ముక్క ఏ ల్యాబుకు వెళితే అక్కడ ఆ రోజు పనిలో ఉన్నవారు చూస్తారు. ఎంచుకునే అవకాశం లేని చోట ఈ అర్హతల, ఒప్పందాల వ్యవస్థే రోగికి ఉన్న ఏకైక రక్షణ కనుక దాన్ని నిదానంగా విడమరచి చూడవలసి ఉంది.

పాథాలజిస్టు చేసే రెండు రకాల పని

మొదటిది అనటామిక్ పాథాలజీ. శరీరం నుంచి తీసిన ముక్కను ఫార్మలిన్ నింపిన చిన్న సీసాలో వేసి ల్యాబుకు పంపుతారు. అక్కడ దానిలోని నీటిని తొలగించి, మైనంలో పొదిగి దిమ్మగా చేసి, నాలుగైదు మైక్రాన్ల మందాన పలచటి పొరలుగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగులు అద్దుతారు. కణాల కేంద్రకాలు నీలిగానూ, వాటి చుట్టూ ఉన్న పదార్థం గులాబీ రంగులోనూ కనిపిస్తాయి. ఇంతవరకూ సాంకేతిక సిబ్బంది పని. ఆ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, కణాల అమరికను చూసి, ఇది మామూలు మచ్చా, క్యాన్సరా, క్యాన్సరైతే అంచుల దాకా పాకిందా అని తేల్చి నివేదిక మీద సంతకం చేసేది పాథాలజిస్టు.

రెండోది క్లినికల్ పాథాలజీ. రక్తంలో చక్కెర, సోడియం, హిమోగ్లోబిన్ వంటి పరీక్షలను యంత్రాలే చేస్తాయి. ఏ యంత్రం సరిగా పనిచేస్తోంది, ఏ విలువ దాటితే వార్డుకు వెంటనే ఫోన్ చేయాలి, బ్లడ్ బ్యాంకులో ఏ పద్ధతి పాటించాలి అన్నవి పాథాలజిస్టు పర్యవేక్షణలో నడుస్తాయి. ప్రతి రోగి ఫలితాన్నీ ఆయన కళ్లతో చూడవలసిన పని లేదు. బిల్లులో కనిపించే తేడాల్లో చాలా వరకు ఈ విభజన నుంచే పుడతాయి.

లైసెన్సు, బోర్డు, నంబరు: మూడింటికీ మూడు అర్థాలు

లైసెన్సును రాష్ట్ర మెడికల్ బోర్డు ఇస్తుంది. అది లేకుండా వైద్యం చేయడం చట్టవిరుద్ధం. అయితే అందులో స్పెషాలిటీ ఉండదు. అది ఆ వ్యక్తి ఆ రాష్ట్రంలో వైద్యుడని మాత్రమే చెబుతుంది. గుంటూరులోనో, విశాఖలోనో, ఉస్మానియాలోనో ఎంబీబీఎస్ చదివి వెళ్లినవారు ముందుగా, విదేశీ వైద్య పట్టాలను పరిశీలించడానికి 1956లో ఏర్పడిన ఈసీఎఫ్ఎంజీ అనే సంస్థ ద్వారా తమ పట్టాను ధ్రువపరచుకుని, లైసెన్సుకు అవసరమైన యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు గట్టెక్కి, రెసిడెన్సీలో (ఆసుపత్రిలో చేసే స్పెషలిస్టు శిక్షణలో) చోటు సంపాదించాలి. ఇక్కడ ఎండీ పాథాలజీ పూర్తిచేసి ఏళ్ల తరబడి స్లైడ్లు చూసినవారు కూడా సాధారణంగా అక్కడ మళ్లీ రెసిడెన్సీ చేయవలసిందే. రెండు శాఖలూ కలిపి చేస్తే నాలుగేళ్లు, ఒక్కటే చేస్తే మూడేళ్లు. ఆపైన రక్త వ్యాధులు, చర్మ వ్యాధులు, కణ పరీక్ష వంటి వాటిలో ఫెలోషిప్పు చేయడం ఇప్పుడు మామూలైంది.

బోర్డ్ సర్టిఫికేషన్‌ను ఇచ్చేది అమెరికన్ బోర్డ్ ఆఫ్ పాథాలజీ. 1936లో ఏర్పడిన ఈ సంస్థ ప్రభుత్వ విభాగం కాదు. రెసిడెన్సీ పూర్తయినవారికి అది పరీక్ష పెట్టి, నెగ్గినవారిని నిపుణులుగా గుర్తిస్తుంది. 2006 నుంచి ఇచ్చిన సర్టిఫికెట్లకు పదేళ్ల కాలపరిమితి ఉంది. వాటిని నిలబెట్టుకోవడానికి నిరంతర అధ్యయనం, మదింపు అవసరం. ఈ కొనసాగింపు ప్రక్రియపై వైద్యుల్లోనే అభిప్రాయభేదం ఉంది. రోజంతా స్లైడ్ల ముందు కూర్చునేవారికి ఇది సమయమూ డబ్బూ తినే అదనపు భారమని, దీనివల్ల రోగికి ఒరిగే మేలు తగినంతగా రుజువు కాలేదని ఒక పక్షం అంటుంది. క్యాన్సర్ల వర్గీకరణ, జన్యు పరీక్షలు ఇంత వేగంగా మారుతున్నప్పుడు ఇరవై ఏళ్ల కిందటి పరీక్షను ఈనాటి జ్ఞానానికి హామీగా చూపలేమని రెండో పక్షం అంటుంది. బయాప్సీ నివేదికలోని ఒక్క మాట మీద శస్త్రచికిత్సే ఆధారపడి ఉంటుంది కనుక నాకు రెండో వాదనే బరువైనదిగా తోస్తుంది, మొదటి పక్షం చెప్పే భారం నిజమే అయినా.

ఎన్‌పీఐ ఈ రెండింటికంటే చాలా తక్కువ చెబుతుంది. బిల్లింగులో వైద్యులనూ సంస్థలనూ గుర్తించడానికి ఇచ్చే పది అంకెల నంబరు అది. అంకెల్లో రాష్ట్రం, స్పెషాలిటీ వంటి సమాచారం ఏదీ ఇమిడి ఉండదు. దాని పక్కన ‘అనటామిక్, క్లినికల్ పాథాలజీ’ అని కనిపిస్తే, ఆ వర్గాన్ని దరఖాస్తులో ఎంచుకున్నది ఆ డాక్టరే. నంబరు ఇచ్చినంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు గానీ, అర్హతలను పరిశీలించినట్టు గానీ కాదని మెడికేర్‌ను నడిపే సీఎంఎస్ స్వయంగా చెబుతుంది. అయినా ఇంటర్నెట్‌లోని డాక్టర్ల జాబితాలు ఎక్కువగా ఈ నంబర్ల రిజిస్ట్రీలోని సమాచారాన్నే తీసుకుని అలంకరించి చూపుతాయి కాబట్టి, ఆ పేజీలు చూసినవారికి అది యోగ్యతాపత్రంలా కనిపిస్తుంది.

వ్యక్తికి లైసెన్సు, ల్యాబుకు క్లియా

డాక్టరుకు ఎన్ని పట్టాలున్నా, ఆయన పనిచేసే ల్యాబుకు వేరే అనుమతి కావాలి. 1988లో వచ్చిన క్లియా చట్టం ప్రకారం, మనుషుల నమూనాలను పరీక్షించే ప్రతి ల్యాబూ పరీక్షల సంక్లిష్టతను బట్టి సర్టిఫికెట్ తీసుకోవాలి. మామూలు రక్తపరీక్ష నివేదికపై పాథాలజిస్టే సంతకం చేయాలనే నియమం ఇందులో లేదు. సంక్లిష్ట పరీక్షలు చేసే ల్యాబుకు కూడా, నిర్దేశించిన బోర్డు గుర్తింపు ఉన్న పీహెచ్‌డీ శాస్త్రవేత్త డైరెక్టరుగా ఉండవచ్చు. కణజాల పరీక్ష విషయంలో మాత్రం నిబంధన గట్టిది: లైసెన్సు ఉన్న వైద్యుడై ఉండి, అనటామిక్ పాథాలజీలో బోర్డు సర్టిఫికేషన్ గానీ, దానికి సమానమైన అర్హత గానీ ఉన్నవారు ఆ పనికి బాధ్యత వహించాలి, అర్హుడైన వ్యక్తి సంతకం నివేదిక మీద ఉండాలి.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. డాక్టరుగా మెడికేర్‌లో నమోదు కావడానికి బోర్డు సర్టిఫికేషన్ తప్పనిసరి కాదు. రాష్ట్ర లైసెన్సుకూ తప్పనిసరి కాదు. కాబట్టి బయాప్సీలు చదివే పాథాలజిస్టు విషయంలో బోర్డు స్థాయి అర్హతను పట్టుబట్టి అడిగేది బీమా పథకం కాదు, ల్యాబు చట్టం; దానితో పాటు, తమ వద్ద పనిచేయడానికి అనుమతి ఇచ్చే ముందు ఆసుపత్రులు పెట్టుకునే సొంత నియమాలు.

మన దేశంలో ఈ వివాదం మరో రూపంలో నడిచింది. ల్యాబు నివేదిక మీద ఎవరు సంతకం చేయాలన్న ప్రశ్న గుజరాత్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ వైద్యుడే చేయాలన్న వైద్య మండలి వైఖరిని 2017 డిసెంబరులో కోర్టు సమర్థించింది. రక్తపరీక్షలన్నిటికీ ఆ నియమం వర్తించాలా అన్న చర్చ ఆ తరువాత కూడా ఆగలేదు. అమెరికాలో కణజాలానికీ, యంత్రం ఇచ్చే అంకెకూ మధ్య గీసిన గీతను ఇక్కడ ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాం.

మెడికేర్‌లో నమోదు వేరు, పార్టిసిపేషన్ వేరు

1965లో చట్టమైన మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వం నడిపే బీమా. పార్ట్ ఏ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు చూస్తుంది, పార్ట్ బీ డాక్టర్ల ఫీజులు, బయటి పరీక్షలు చూస్తుంది. అక్కడ పనిచేసి పన్ను కట్టని తల్లిదండ్రులకు కూడా, గ్రీన్ కార్డుతో ఐదేళ్లు నిరంతరాయంగా నివసించి, 65 నిండితే ప్రీమియం కట్టి చేరే వీలుంది. 2025లో పార్ట్ బీ నెలసరి ప్రామాణిక ప్రీమియం 185 డాలర్లు. పార్ట్ ఏను పూర్తి ధరకు కొనుక్కోవలసి వస్తే అదే ఏడాది నెలకు 518. పర్యాటక వీసా మీద వెళ్లినవారికి మెడికేర్ లేదు. వారు తీసుకునేది ప్రైవేటు ప్రయాణ బీమా.

ఆరోగ్యశ్రీకి అలవాటుపడినవారికి మొదట అందనిది మెడికేర్ అల్లిక. ఆరోగ్యశ్రీలో ఒప్పందం ఆసుపత్రితో ఉంటుంది. చికిత్సకు ప్యాకేజీ ధర ఉంటుంది, పరీక్షలు అందులోనే కలిసిపోతాయి, బయాప్సీ చదివిన డాక్టరు పేరు రోగి దాకా రాదు. మెడికేర్ పార్ట్ బీలో ప్రతి డాక్టరూ తానుగా నమోదు కావాలి. నమోదు సమయంలో లైసెన్సును, ప్రభుత్వ పథకాల నుంచి నిషేధించినవారి జాబితాను సరిచూస్తారు; సాధారణంగా ఐదేళ్లకొకసారి వివరాలను మళ్లీ ధ్రువపరచాలి. గ్రూపులో పనిచేసే పాథాలజిస్టు తనకు రావలసిన డబ్బును వసూలు చేసే హక్కును ఆ గ్రూపుకు బదలాయిస్తాడు. అందుకే బిల్లు మీద ఒక సంస్థ పేరు, లోపల ఒక డాక్టరు పేరు కనిపిస్తాయి.

నమోదు అయ్యాక డాక్టరు ముందు ఇంకో నిర్ణయం ఉంటుంది. మెడికేర్ నిర్ణయించిన ధరనే పూర్తి ధరగా ఒప్పుకుని, అందులో మెడికేర్ ఇచ్చే వాటాను నేరుగా దాని నుంచే తీసుకోవడాన్ని అసైన్‌మెంటు అంటారు. ప్రతి రోగికీ, ప్రతి సేవకూ అలాగే చేస్తానని ఒప్పందం రాసిచ్చినవారు పార్టిసిపేటింగ్ డాక్టర్లు. ఈ నిర్ణయాన్ని మార్చుకునే అవకాశం ఏటా చివరి వారాల్లో వస్తుంది, జనవరి 1 నుంచి అమలవుతుంది. ఒప్పందం రాయని నాన్ పార్టిసిపేటింగ్ డాక్టరు కూడా మెడికేర్‌లో నమోదైనవారే. అసైన్‌మెంటును ఒక్కో బిల్లుకు ఒక్కో విధంగా ఎంచుకోగలరు. ఇక పూర్తిగా వైదొలగినవారు రెండేళ్ల అఫిడవిట్ ఇచ్చి, రోగితో ముందుగానే ప్రైవేటు ఒప్పందం రాసుకోవాలి. రోగిని కలవకుండా సీసాలో వచ్చిన ముక్కను చదివే డాక్టరుకు ముందస్తు ఒప్పందం ఎలా కుదురుతుంది? ఈ మూడో దారి పాథాలజీకి పెద్దగా పొసగకపోవడానికి కారణం అదే.

వంద డాలర్ల లెక్క

ఒక సేవకు మెడికేర్ ధర సరిగ్గా 100 డాలర్లు అనుకుందాం. ఏడాది డిడక్టబుల్, అంటే 2025లో పార్ట్ బీ కింద రోగి ముందుగా భరించవలసిన 257 డాలర్లు, అప్పటికే పూర్తయిందనుకుందాం. డాక్టరు పార్టిసిపేటింగ్ అయితే మెడికేర్ 80 ఇస్తుంది, రోగి 20 కడతాడు. డాక్టరు బిల్లులో 250 అని వేసుకున్నా మిగిలినది వదులుకోవలసిందే.

నాన్ పార్టిసిపేటింగ్ డాక్టరుకు మెడికేర్ ధర 5 శాతం తగ్గి 95 అవుతుంది. ఆయన ఈ బిల్లుకు అసైన్‌మెంటు ఒప్పుకుంటే మెడికేర్ 76, రోగి 19. ఒప్పుకోకపోతే 95 మీద 15 శాతం దాకా, అంటే గరిష్ఠంగా 109.25 డాలర్లు రోగి నుంచి వసూలు చేయవచ్చు. మెడికేర్ తన వాటా 76ను రోగికి పంపుతుంది కనుక చివరికి రోగి జేబు నుంచి పోయేది 33.25. న్యూయార్క్ వంటి రాష్ట్రాలు ఈ అదనపు వసూలును ఇంకా కుదించాయి. మెడిగ్యాప్ ప్లాన్ జీ వంటి అనుబంధ పాలసీ ఉన్నవారికి 20 శాతంతో పాటు ఈ అదనమూ ఆ పాలసీయే భరిస్తుంది.

రక్తపరీక్షకు సున్నా, బయాప్సీకి ఐదో వంతు

ఒకే వారంలో ఒకామెకు కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలు జరిగాయి. వీపు మీది మచ్చ నుంచి ఒక ముక్క, మెడ మీది గడ్డ నుంచి మరో ముక్క తీసి రెండు సీసాల్లో పంపారు. రక్తపరీక్షలు మెడికేర్‌లో క్లినికల్ ల్యాబు ధరల పట్టిక కిందికి వస్తాయి. మెడికేర్ వర్తించే పరీక్షలైతే వాటికి డిడక్టబుల్ లేదు, రోగి వాటా లేదు, ల్యాబు అసైన్‌మెంటును ఒప్పుకోక తప్పదు. ఆమె కట్టేది సున్నా.

బయాప్సీ మాత్రం డాక్టర్ల ఫీజుల పట్టికలో ఉంటుంది. చర్మపు ముక్కల వంటివాటికి ఎక్కువగా వాడే బిల్లింగు కోడు 88305. దాన్ని విడిగా పంపిన ఒక్కో నమూనాకు ఒక్కోసారి లెక్కిస్తారు. రెండు సీసాలంటే రెండు యూనిట్లు. యూనిట్‌కు 100 డాలర్లనే లెక్కన చూస్తే మొత్తం 200, ఆమె వాటా 40. మళ్లీ ఈ ధరలో రెండు భాగాలున్నాయి: స్లైడు తయారుచేసే సాంకేతిక భాగం, దాన్ని చదివే వృత్తిపరమైన భాగం. రెండూ ఒకే సంస్థ చేస్తే ఒక బిల్లు, వేర్వేరుగా చేస్తే రెండు బిల్లులు. మచ్చ తీసిన చర్మ వైద్యుడి బిల్లు వీటికి అదనం. అంటే ఒక్క మచ్చకు మూడు పేర్లతో బిల్లులు రావచ్చు, వాటిలో మోసమేమీ ఉండకపోవచ్చు. ప్రొస్టేట్ సూది బయాప్సీలకు మెడికేర్ వేరే పద్ధతి పెట్టింది: ఎన్ని ముక్కలు తీసినా జీ0416 అనే ఒకే కోడు.

కనిపించని పర్యవేక్షణకు ఎవరు చెల్లించాలి?

అసలు తగువు ఇక్కడ ఉంది. ఆసుపత్రిలో ఉన్న రోగికి అర్ధరాత్రి పొటాషియం పరీక్ష జరిగింది, యంత్రం అంకె ఇచ్చింది. ఆ యంత్రాన్ని, సిబ్బందిని, పద్ధతులను పర్యవేక్షించిన పాథాలజిస్టు ఆ ఒక్క రోగికి సేవ చేసినట్టా? మెడికేర్ దృష్టిలో అది ఆసుపత్రికి చేసిన సేవ. దాని ఖర్చు ఆసుపత్రికిచ్చే మొత్తంలోనే ఉంది కనుక డాక్టరు విడిగా బిల్లు వేయకూడదు. ఫలితం అసాధారణంగా ఉండి, రోగిని చూసే డాక్టరు అభిప్రాయం కోరగా, పాథాలజిస్టు తన వైద్య విచక్షణతో రాతపూర్వక నివేదిక ఇస్తే మాత్రం అది క్లినికల్ కన్సల్టేషన్. దానికి డబ్బు వస్తుంది.

ప్రైవేటు బీమా కంపెనీల దగ్గర కొన్ని పాథాలజీ గ్రూపులు పర్యవేక్షణకు కూడా విడిగా బిల్లు వేస్తాయి. ఒక్కో అంకె నమ్మదగినది కావడం వెనుక తమ శ్రమ ఉందని, ఎవరికీ కనిపించనంత మాత్రాన అది ఉచితం కారాదని వారి వాదన. ఆసుపత్రికి ఒకసారి చెల్లించినదానికే మళ్లీ చెల్లించమంటున్నారని బీమా సంస్థలు అంటాయి. ఇటువంటి వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. పాథాలజిస్టుల శ్రమ నిజమైనదే. కానీ ఆ లెక్క తేలవలసింది ఆసుపత్రికీ వారికీ మధ్య కాగా, రోగి చేతికి అర్థం కాని కాగితం రావడం న్యాయం కాదనిపిస్తుంది. 2022 జనవరి 1 నుంచి అమలైన నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రైవేటు బీమా ఉన్నవారికి కొంత ఊరటనిచ్చింది. నెట్‌వర్కులోని, అంటే బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న, ఆసుపత్రిలో నెట్‌వర్కులో లేని పాథాలజిస్టు పనిచేసినా, రోగి నుంచి నెట్‌వర్కు లెక్కకు మించి వసూలు చేయడానికి వీల్లేదు. ముందే సమ్మతి సంతకం తీసుకుని తప్పించుకునే దారిని కూడా పాథాలజీకి మూసేశారు.

ధర సరిపోతుందా అన్న వాదన

మెడికేర్‌తో పార్టిసిపేషన్ డాక్టరు నైపుణ్యానికి కొలమానం కాదు, అది ధర గురించిన మాట. మరి ఆ ధర సరైనదేనా? ఒక్కో సేవకు కట్టిన విలువను డాలర్లలోకి మార్చి డాక్టర్ల ఫీజులను లెక్కించే గుణకం 1998లో 36.69 ఉండగా 2025లో 32.35కు తగ్గింది. ఈలోగా పెరిగిన జీతాలు, అద్దెలు, రసాయనాల ధరలను పక్కన పెట్టినా అంకెలోనే తగ్గుదల ఉంది. చిన్న గ్రూపులు నిలదొక్కుకోలేక పెద్ద సంస్థల్లో కలిసిపోవడానికి ఇదొక కారణమని వైద్య సంఘాలు అంటాయి. గుణకం ఒక్కటే చూస్తే బొమ్మ పూర్తికాదని, సేవల సంఖ్య, ఒక్కో సేవకు కట్టిన విలువ కూడా మారాయని ఎదుటివారు అంటారు. కాంగ్రెసుకు సలహాలిచ్చే మెడ్‌ప్యాక్ సర్వేల్లో, మెడికేర్ ఉన్నవారికి వైద్యం అందే తీరు ప్రైవేటు బీమా ఉన్నవారికి తీసిపోకుండానే కనిపిస్తూ వచ్చింది. అదే మెడ్‌ప్యాక్ ఇటీవలి ఏళ్లలో ఖర్చుల పెరుగుదలకు కొంత ముడిపెట్టి ఫీజులు పెంచాలనీ సిఫారసు చేసింది.

ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నీ ప్రభుత్వమే నేరుగా చెల్లించే అసలు మెడికేర్‌కు సంబంధించినవి. మెడికేర్ లబ్ధిదారుల్లో సగానికి పైగా ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో ఉన్నారు. అక్కడ రోగి వాటాను ప్లాను నిర్ణయిస్తుంది. డాక్టరు సీఎంఎస్‌తో రాసుకున్న పార్టిసిపేషన్ ఒప్పందం కంటే, ముక్కను పంపిన ల్యాబు ఆ ప్లాను నెట్‌వర్కులో ఉందా లేదా అన్నదే ముఖ్యమవుతుంది. ప్లాన్ల నెట్‌వర్కులు, షరతులు ఏటా మారగలవు కనుక నిరుడు ఒక ల్యాబుకు వర్తించిన లెక్క ఈ ఏడు అదే ల్యాబుకు వర్తించకపోవచ్చు.